బేస్ 7లో ప్రైమ్స్ అంకెలు కూడి చూడండి

ఒక నెంబర్ ప్రైమా కాదా అన్నది ఏ బేస్‌లో (అంటే పదేసి బదులు ఎన్నేసి గుంపులుగా లెక్కపెట్టి) రాశామన్నదాన్ని బట్టి మారదు, 13ని బైనరీలో 1101 అని రాసినా బేస్ 7లో 16 (ఒక ఏడు, ఆరు ఒకట్లు) అని రాసినా అది ప్రైమే. మరి బేస్ మార్చి ఏం లాభం అంటే, వేషం మారినప్పుడు కొన్ని విషయాలు ఊరికే బయటపడిపోతాయి. బైనరీలో మెర్సెన్ ప్రైమ్స్ (2 ఘాతం కంటే ఒకటి తక్కువుండే ప్రైమ్స్) అన్నీ వరసగా ఒకట్లే (31 అంటే 11111), అది చాలామందికి తెలిసిందే. నాకు మాత్రం బేస్ 7 భలే నచ్చింది.

7 తప్ప ఏదో ఒక ప్రైమ్ తీస్కోండి, బేస్ 7లో రాసి అంకెలు కూడండి. 29 అంటే 41, మొత్తం 5. 31 అంటే 43, మొత్తం 7. 97 అంటే 166, మొత్తం 13. అన్నీ మళ్ళీ ప్రైమ్సే! చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి వదిలితే వెయ్యి దాటినా రెండు వేలు దాటినా అదే వరస. (7ని వదిలేయమన్నది ఎందుకంటే అది 10 అయిపోతుంది, మొత్తం 1.)

మ్యాజిక్ ఏం లేదు. మామూలు నెంబర్లలో అంకెలు కూడితే 9తో వచ్చే శేషం తెలుస్తుంది కదా, బేస్ 7లో ఆ పని దానికంటే ఒకటి తక్కువైన 6 (అంటే 2×3) చేస్తుంది. 3 కంటే పెద్ద ప్రైమ్ దేన్నీ 2 గానీ 3 గానీ భాగించవు, కాబట్టి దాని అంకెల మొత్తాన్ని కూడా భాగించవు, అలాంటి నెంబర్లు ఏవంటే 5, 7, 11, 13, 17, 19, 23... ప్రైమ్ కానిది మొదటిసారి తగిలేది 25 దగ్గరే. బేస్ 7లో పెద్ద అంకె 6, నాలుగు అంకెలు పెట్టినా 24 దాటదు, 25 రావాలంటే కనీసం 16666 కావాలి, అంటే మన 4801. అది ప్రైమ్ కాకపోయుంటే ఇంకొంచెం దూరం వెళ్ళేదే, కానీ ఖర్మ, ప్రైమే!

పెద్ద బేస్ అయితే ఇంకా లాగుతుందనుకుంటాం గానీ రివర్స్. బేస్ 31లో ఆ పని 30 (2×3×5) చేస్తుంది, 5 కూడా అడ్డు తొలగిపోతుంది కాబట్టి మొదటి దొంగ (ప్రైమ్ కాని మొత్తం) 49, కానీ అక్కడ ఒక్కో అంకె 30 దాకా ఉండొచ్చు, రెండంకెలకే 49 వచ్చేస్తుంది, 19 పక్కన 30 పెడితే 619, అదీ ప్రైమే. బేస్ 13 అయితే మరీ ఘోరం, 337 దగ్గరే అయిపోయింది.