చిక్కుడుపాదుకి తొందరలేదు

మొన్న రాత్రి తొమ్మిదింటికి అమ్మాయి వీడియో కాల్ చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా ఫోన్ పెరటివైపు తిప్పింది. చిక్కుడుపాదుకి పూత! ఊదారంగులో ఒకే ఒక్క గుత్తి. మే నెలలో వేసిన పాదు, సెప్టెంబరు మూడోవారం దాటాక పూసింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు, ఎందుకంటే వాళ్ళుండేది అమెరికాలో మినియాపోలిస్, ఇంకో పది పదిహేను రోజుల్లో అక్కడ ఫ్రాస్ట్ (ఆకుల మీద గడ్డకట్టే మంచు) పడిందంటే ఆ పాదంతా ఒక్క రాత్రిలో ఉడికించిన తోటకూరలా వాలిపోతుంది.

పోయినేడాది మే నుంచి అక్టోబరు ఆఖరు దాకా నేను అక్కడే ఉన్నాను. శ్రీకాకుళంలో మేడమీద కుండీలు, పెరట్లో రెండు మడులు వదిలేసి వెళ్ళినదాన్ని, ఊరికే ఎలా కూర్చుంటాను? ఆగస్టుని వాళ్ళు వేసవి చివర అంటారు. మనకి ఆగస్టంటే శ్రావణం, వానలు, బీర ఆనప పాదులు పందిరెక్కే కాలం, ఇంకా బోలెడు టైముందిలే అనుకునే కాలం. అక్కడ ఆ మాటే లేదు. అందరూ క్యాలెండర్ చూసుకుని, ఫ్రాస్ట్‌కి ఎన్ని వారాలుందో వెనక్కి లెక్కపెట్టుకుంటారు. పాలకూర ఇప్పుడు చల్లితే అందుతుందా, ముల్లంగి నెలరోజుల్లో వచ్చేస్తుంది కాబట్టి ఇంకోసారి వెయ్యొచ్చా, ఇవే మాటలు.

అన్నిటికన్నా కష్టమనిపించింది టమాటా తలలు తుంచడం. ఆగస్టు ఆఖర్లో అల్లుడు కత్తెర తెచ్చి, "అత్తయ్యగారూ, ఇక పైకి ఎదగనివ్వకూడదు, కొత్త పూత కూడా తీసేయాలి" అన్నాడు. నిండా పూతతో ఉన్న మొక్క పూత ఎవరైనా తీస్తారా? చెయ్యి రాలేదు నాకు. పువ్వు కాయై, కాయ పండడానికి నెలన్నర పైనే పడుతుంది, ఇప్పటి పువ్వు పండేలోపు చలి వచ్చేస్తుంది, ఆ బలమేదో ఉన్న కాయలకి వెళ్ళనివ్వాలి అన్నది వాళ్ళ లెక్క. లెక్క సరైనదే. అయినా రెండు మొక్కలు నేను దాచిపెట్టినట్టే వదిలేశాను, వాటికే చివర్లో బకెట్‌నిండా పచ్చికాయలు మిగిలాయి. సగం పచ్చడి చేశాను (పచ్చి టమాటాకి పచ్చిమిర్చి, నువ్వులు, కాస్త బెల్లం పడాలి). మిగతా సగం అమ్మాయి న్యూస్‌పేపర్లో చుట్టి, మధ్యలో ఒక ఆపిల్ పండు పెట్టి బేస్‌మెంట్‌లో దాచింది. పండే ఆపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ గాలికి కాయలూ రంగు తిరుగుతాయట. మామిడికాయలు గడ్డిలో మగ్గేసే మనకి ఇది వింతేం కాదు.

జపాన్ పెంకుపురుగుల సంగతి చెప్పాలంటే వేరే పోస్టు కావాలి. ఆకుపచ్చ మెడ, రాగిరంగు రెక్కలు, చూడ్డానికి నగల్లో పొదిగిన రాళ్ళలా ఉంటాయి, బీన్స్ ఆకుల్ని జల్లెడ చేసేస్తాయి. పొద్దున్నే చలికి మత్తుగా ఉన్నప్పుడు సబ్బునీళ్ళ డబ్బాలోకి రాల్చేయడమే.

సరే, చిక్కుడు దగ్గరికి వస్తాను. పోయినేడాది నేను కూడా అక్కడ చిక్కుడు వేశాను. విత్తనాలు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళలేదు, కస్టమ్స్ వాళ్ళతో గొడవెందుకని, అక్కడి ఇండియన్ స్టోర్‌లోనే కొన్నాం. పాదు కంచె దాటి పక్కింటి వాళ్ళ షెడ్డెక్కింది. ఆకులే ఆకులు. ఎరువు ఎక్కువైందేమో, నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని తెగ టెన్షన్ పడ్డాను. తర్వాత తెలిసింది, తప్పు నాది కాదు. మన పాత రకం పందిరి చిక్కుడు రాత్రిళ్ళు పొడుగయ్యేదాకా పూత పెట్టదు. జూన్‌లో మనకి పగలు 13 గంటలు దాటితే, అక్కడ 15న్నర గంటలు! అక్కడ రాత్రి పగటికి సమానమయ్యేది సెప్టెంబరు ఆఖర్లో, ఆ వెనకే ఫ్రాస్ట్. ఇంక కాయ ఎప్పుడు కాస్తుంది? గోంగూరదీ అదే గుణం, కాకపోతే అది మనకి కలిసొచ్చింది, పూతకెళ్ళక ఆకు లేతగా వస్తూనే ఉంది.

మా అమ్మకి ఈ గంటల లెక్క తెలీదు. ఆషాఢంలో గింజ పెడితే రథసప్తమికి కాయ ఉండాలి, అంతే. అరసవల్లి పక్కన పెరిగినవాళ్ళం కదా, ఆ రోజు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టకపోతే ఎలా? మా పెరట్లో ఇప్పుడు పాదు పందిరంతా కమ్మింది, ఒక్క పువ్వు లేదు, నాకు ఏ బెంగా లేదు.

బెంగ లేదంటే పూర్తిగా నిజం కాదులెండి. మనకీ అక్టోబరంటే భయమే. 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో మా పుట్టింటివాళ్ళ కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయాయి, జీడితోటల్లోకి దారే లేదు. అక్కడివాళ్ళు ఫ్రాస్ట్ కోసం సూచనలు చూస్తారు, మేం అల్పపీడనం కోసం చూస్తాం. తేడా ఏంటంటే టమాటాని దుప్పటితో కాపాడొచ్చు. కొబ్బరిచెట్టుకి ఏం కప్పుతాం?

నిన్న పొద్దున్న మళ్ళీ ఫోన్. "అమ్మా, ఈ రాత్రికి రెండు డిగ్రీలంట, మబ్బు లేదు, గాలీ లేదు." అలాంటి రాత్రే ఫ్రాస్ట్ పడుతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పుతానంది. వద్దన్నాను, ఆకుకి తగిలినచోట మాడిపోతుంది, బట్టే కప్పు, నేలదాకా దించి అంచుల మీద రాళ్ళు పెట్టు, మట్టిలో ఉన్న పగటి వేడి బయటికి పోకూడదు. ఏది కప్పమంటావంది. పోయినేడాది నేను పాతచీరలతో కుట్టిన బొంత ఉంది కదా, అది.

"అది నేను కప్పుకుంటున్నానమ్మా" అంది.