జొన్న ప్యాలాల నాష్టా: ఆరో విడత దాకా వచ్చిన లెక్కలు

పేల్చిన జొన్నలతో పాలల్లో వేసుకునే నాష్టా ఇంట్లో చేయడం ఇప్పటికి ఆరు విడతలు అయింది. మొదటి విడతలో 100 గ్రాముల మిశ్రమానికి 20 గ్రాముల బెల్లం పట్టింది, ఆరో విడతలో 8 గ్రాములు చాలింది. రుచి తగ్గలేదు. ఈ తేడా తెచ్చింది కరకర. పాలల్లో నాలుగు నిమిషాలు కరకరలాడే ప్యాలం ఉంటే బెల్లం సగానికి తగ్గించినా నాలుక అడగదు. మెత్తబడ్డాక ఎంత తీపి పోసినా చల్లారిన గంజి తిన్నట్టే ఉంటుంది. అందుకే ఇక్కడ రాసేదంతా ఆ కరకర ఎట్లా వచ్చింది, ఎక్కడ చెడింది అన్నదే.

ముందు దుకాణం డబ్బా

కొనే డబ్బాతో పోల్చుకోకపోతే ఇంట్లో చేసింది మేలో కాదో తెలియదు. డబ్బా వెనక "100 గ్రాములకు" అని ఉన్న వరుసే చదవాలి. పక్కనే "సర్వింగ్‌కు" అని ఉండే వరుస సాధారణంగా 30 గ్రాముల లెక్క, అందుకే అందులో అంకెలు చిన్నగా కనబడతాయి. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం 100 గ్రాముల్లో చక్కెర 5 గ్రాములు మించకపోతేనే "తక్కువ చక్కెర" అని రాసుకోవాలి. "ఎక్కువ పీచు" అనాలంటే పీచు 6 గ్రాములైనా ఉండాలి. మేం పెట్టుకున్న గీత ఇంకొంచెం వదులు: చక్కెర 10 లోపు, పీచు 6 పైన, సోడియం 300 మిల్లీగ్రాముల లోపు.

ఈ గీతతో కొలిస్తే చాక్లెట్ పూతవి చాలావరకు మొదట్లోనే పోతాయి. 100 గ్రాములకు 30 గ్రాముల చక్కెర ఉన్న డబ్బా అంటే 30 గ్రాముల గిన్నెలో 9 గ్రాములు, అంటే రెండు చిన్న చెంచాలు. సాదా కార్న్‌ఫ్లేక్స్‌లో చక్కెర తక్కువే గానీ పీచు కూడా తక్కువే. మక్క గింజ పొట్టు, మొలక తీసేసి లోపలి గట్టి రవ్వనే అటుకు కొడతారు కాబట్టి అట్లా అవుతుంది. పదార్థాల జాబితా బరువు వరుసలో ఉంటుంది, ఎక్కువ ఉన్నది ముందు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చూడాలి. చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, తేనె, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని అయిదు పేర్లుగా విడగొడితే ఒక్కొక్కటి జాబితాలో కిందికి జారుతుంది. అన్నీ కలిపితే మొదటి స్థానానికి వచ్చేవి కూడా ఉంటాయి. "మల్టీగ్రెయిన్" అన్న మాటకు బరువు లేదు. ఆ గింజలు ఎంత శాతం ఉన్నాయో జాబితాలో చూస్తేనే తెలుస్తుంది.

ఇంకో మోసం గిన్నెది. ఒక కప్పు కార్న్‌ఫ్లేక్స్ 30 గ్రాముల దగ్గర తూగుతుంది. అదే కప్పు నిండా మ్యూస్లీ (ఓట్స్, పప్పులు, ఎండు పండ్లు కలిపిన మిశ్రమం) పోస్తే 80 దాటుతుంది. చిన్న కిచెన్ కాటా లేకుండా ఈ పనికి దిగొద్దు.

ఓట్స్ మంచివే, 100 గ్రాములకు పీచు 10 గ్రాముల దాకా ఉంటుంది. కానీ పండ్ల రుచి, మసాలా రుచి కలిపిన పొట్లాలు వద్దు. సాదావి తెచ్చి ఉప్మా చేసుకోవచ్చు.

మూలం: ప్యాలాలు

తొలి ఏకాదశికి మన దగ్గర ఇంటింటా చేసే ప్యాలపిండి గుర్తు చేసుకుంటే చాలు. జొన్నలు పేల్చి, దంచి, బెల్లం, యాలకులు కలిపేది. ఆ ప్యాలాలను పిండి కొట్టకుండా ఆపితే అదే పాలల్లో వేసుకునే నాష్టా. జొన్నలో 100 గ్రాములకు మాంసకృత్తులు సుమారు 10, పీచు సుమారు 10 గ్రాములు. పొట్టుతోనే పేలుతుంది కాబట్టి ఆ పీచు మనకే మిగులుతుంది.

వరంగల్ బీట్ బజార్‌లోనో ఏ పెద్ద కిరాణంలోనో అడిగేటప్పుడు "ప్యాలాల జొన్నలు కావాలె" అని అడగాలి. గింజ గట్టిగా, గాజు మెరుపుతో ఉండాలి. పంటితో కొరికితే టక్కున విరగాలి, పిండిలా నలిగితే వద్దు. పాలిష్ పట్టినవి అసలు వద్దు. పొట్టు గీసుకుపోయిన గింజలో ఆవిరి నిలవదు, ఆవిరి నిలవకపోతే పేలడం లేదు.

ప్యాలాలతో కలిపే అటుకుల్లో మక్క అటుకుల విషయంలో చాలామంది పొరపడతారు. చుడువాలోకి వేయించే మందపాటి మక్క అటుకులు, డబ్బాలో వచ్చే కార్న్‌ఫ్లేక్స్ ఒకటి కావు. మొదటివి నూనెలో వేగితేనే పొంగుతాయి. పాలల్లో పావుగంట నానినా రాయిలాగే ఉంటాయి. పొడి మూకుట్లో వేయిస్తే అంచు మాడుతుంది, మధ్యలో పచ్చిగానే ఉంటుంది. వాటి బదులు పేపర్ అటుకులు, అంటే పల్చటి బియ్యం అటుకులు, వాడాలి.

ఒకటి, రెండు విడతలు: నీళ్ల లెక్క

మొదటిసారి సంచిలోంచి తీసిన జొన్నలు తీసినట్టే వేడి మూకుట్లో వేస్తే సగానికి సగం పేలలేదు. ఎండాకాలం దాటిన గింజలో తేమ 10, 11 శాతానికి పడిపోతుంది. ప్యాలం పువ్వులా విచ్చుకోవాలంటే 14 దగ్గర ఉండాలి. గింజలోని నీళ్లే ఆవిరై, పొట్టు లోపల ఒత్తిడి పెరిగి, అది పగిలిన క్షణంలో మెత్తబడ్డ పిండి నురగలా ఉబ్బి గట్టిపడుతుంది. నీళ్లు తక్కువైతే ఒత్తిడి చాలదు.

రెండోసారి 250 గ్రాములకు 25 మిల్లీలీటర్ల నీళ్లు చల్లాం. ఇది ఇంకా పాడైంది. పొట్టు నాని మెత్తబడి, ఒత్తిడి పెరగకముందే ఆవిరి కారిపోయింది. గింజలు చిట్లి వేగాయే గానీ విచ్చుకోలేదు.

లెక్క ఇది: 11 శాతం తేమ ఉన్న 250 గ్రాముల జొన్నలను 14కు తేవాలంటే 9 మిల్లీలీటర్లు కావాలి, అంటే రెండు చిన్న చెంచాలకు కొంచెం తక్కువ. గాజు సీసాలో జొన్నలు పోసి, నీళ్లు చల్లి, మూత బిగించి రెండు నిమిషాలు ఊపాలి. తర్వాత గంటకోసారి మూడుసార్లు ఊపి రాత్రంతా వదిలేయాలి. పొద్దుటికి సీసా గోడకు చెమ్మ కనబడకూడదు. కనబడితే మూత తీసి గంట ఆగాలి.

పేల్చేటప్పుడు ఇనుప మూకుడు బాగా కాలాలి. నాలుగు గింజలు వేసి చూస్తే పది సెకన్లలోపు ఒకటైనా పేలాలి. ఒక దఫాకు 30 గ్రాములే, అంటే పిడికెడు. గరిటెకు పాత నూలు గుడ్డ చుట్టి కట్టి దానితో కలియబెట్టాలి. ఉత్త గరిటె గింజను పక్కకు నెడుతుంది గానీ అడుగుకు అద్దదు. చిటపట మొదలయ్యాక నిమిషం లోపే అయిపోతుంది. చప్పుడు తగ్గగానే పళ్లెంలోకి దించాలి, ఇంకో పది సెకన్లు ఆగితే తెల్లటి రేకుల అంచు గోధుమరంగుకు తిరిగి చేదెక్కుతుంది. తర్వాత జల్లెడ పట్టి పేలని గింజలు తీసేయాలి. ఈ జల్లెడ దాటవేయొద్దు, ఒక్క గట్టి గింజ పంటి కింద పడితే పిల్లలు ఆ గిన్నె మళ్లీ ముట్టరు.

మూడు, నాలుగు, అయిదు: పాకం

ప్యాలం పేలితే సగం పనే. పూత లేని ప్యాలం పాలల్లో నిమిషంలో మెత్తబడుతుంది. పైన సన్నటి బెల్లం పొర, దాని కింద నెయ్యి ఉంటే పాలు లోపలికి పోవడం ఆలస్యమవుతుంది. కంపెనీలు చక్కెర పూత వేసేదీ తీపి కోసం మాత్రమే కాదు.

మూడో విడతలో పల్చటి పాకం కలిపి అట్లాగే ఆరబెట్టాం. వానాకాలం, మర్నాటికి డబ్బాలో అంతా ముద్ద. బెల్లంలో చక్కెరతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి కాబట్టి గాలిలో తేమను చక్కెర కంటే గట్టిగా లాగుతుంది. పాకంలోని నీళ్లు పోనివ్వకుండా డబ్బాలో పెడితే ఇక చెప్పేదేముంది.

నాలుగో విడతలో పల్లీపట్టికి పట్టినట్టు ముదురు పాకం పట్టాం. కలిపేలోపే బిగుసుకుంది. కొన్ని ప్యాలాలు రాళ్లలా గడ్డకట్టాయి, మిగతావి పూత లేకుండా మిగిలాయి. ఆ విడతనే మరిగే పాలల్లో వేస్తే పాలు విరిగాయి. బెల్లానికి పులుపు గుణం ఉంటుంది, మరుగుతున్న పాలకు అది చాలు. చల్లటి పాలో, వేలు పెట్టగలిగేంత గోరువెచ్చటి పాలో పోయాలి.

అయిదో విడత "తక్కువ చక్కెర" గీత అందుకుందామని 500 గ్రాములకు 25 గ్రాముల బెల్లంతో చేసింది. పల్లీలు, పుట్నాలు, ప్యాలాలు అన్నిటికీ కలిపి పూత వేస్తే ఎక్కడా సరిగ్గా అంటలేదు. ఇక్కడే అసలు తప్పు పట్టుబడింది. పల్లీకి పూత ఎందుకు? అది పాలల్లో మెత్తబడేది కాదు. బెల్లమంతా ప్యాలాలకే పోవాలి.

ఆరో విడత: ఇప్పుడు నడుస్తున్న కొలత

ప్యాలాలు 200 గ్రాములు, పేపర్ అటుకులు 100, పల్లీలు 80, పుట్నాలు 50, నువ్వులు 20, బెల్లం 40, నెయ్యి 15, ఉప్పు 2 గ్రాములు, యాలకులు నాలుగు.

పల్లీలు సన్న మంట మీద పొట్టు ఊడేదాకా వేయించి, పొట్టు ఊది, బద్దలు చేయాలి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ముందే ఏరి పారేయాలి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు. అటుకులు విడిగా, చేత్తో నలిపితే పొడయ్యేదాకా వేయించాలి. నువ్వులు చిటపటలాడగానే దించాలి.

200 గ్రాముల ప్యాలాలు చాలా చోటు పడతాయి, పెద్ద బేసిన్ తీసుకుని సగం సగం చేయాలి. ముందు కరిగిన నెయ్యి చిలకరించి రెండు చేతులతో ఎగరేసినట్టు కలపాలి. ఈ నెయ్యి పొర లేకపోతే పాకంలోని నీళ్లకు ప్యాలం కుంచించుకుపోతుంది. బెల్లంలో 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కరిగించి, వడకట్టి, ఉప్పు, యాలకుల పొడి వేసి లేత తీగపాకం రాగానే దించి ప్యాలాల మీద ధారగా పోస్తూ కలపాలి. వెంటనే వెడల్పాటి మూకుట్లో సన్న మంట మీద ఆరేడు నిమిషాలు తిప్పుతూ ఆరబెట్టాలి. ఓవెన్ ఉంటే 120 డిగ్రీల మీద పావుగంట. వేడి మీద చూస్తే మెత్తగానే ఉంటుంది, భయపడి ఇంకా వేయించొద్దు. రెండు ప్యాలాలు పళ్లెంలో వేసి రెండు నిమిషాలు చల్లారనిచ్చి కొరికి చూడాలి. టపుక్కున విరిగితే అయిపోయినట్టే. పూర్తిగా చల్లారాకే మిగతావన్నీ కలిపి డబ్బాకు ఎత్తాలి. వెచ్చగా మూత పెడితే మూత కింద చెమ్మ పట్టి పడిన శ్రమంతా పోతుంది.

మొత్తం 507 గ్రాములు. బెల్లం మొత్తాన్నీ చక్కెరగానే లెక్కవేస్తే 100 గ్రాములకు 8, మాంసకృత్తులు 12, పీచు 8 గ్రాములు, సోడియం 155 మిల్లీగ్రాముల దగ్గర. "బెల్లం కదా, చక్కెర కాదు" అనే మాట వద్దు, ఒంటికి రెండూ దాదాపు ఒకటే. ఉప్పు మాత్రం తీసేయొద్దు. ఆ 2 గ్రాములే తీపిని పైకి తెస్తుంది, అది లేని గిన్నెకు మళ్లీ బెల్లం అడుగుతారు.

గిన్నెకు 40 గ్రాముల మిశ్రమం, 150 మిల్లీలీటర్ల పాలు, సగం అరటిపండు. అంటే కలిపిన తీపి 3 గ్రాముల దగ్గరే. సీతాఫలాల కాలంలో గుజ్జు తీసి చిక్కటి పెరుగులో కలిపి పైన ఈ ప్యాలాలు చల్లితే బెల్లం పూత కూడా అక్కర్లేదు. ఇంతకంటే మంచి నాష్టా మాకు తెలియదు. అవిసెలు కావాలంటే వేయించి, పొడి కొట్టి విడిగా సీసాలో పెట్టి వారంలో వాడేయాలి. గింజగా మింగితే గింజగానే పోతుంది, పొడి కొడితే నూనె త్వరగా కమురు వాసన పడుతుంది.

షుగరు ఉన్నవారికి ఒక మాట. పేలిన గింజలోని పిండి పదార్థం త్వరగా అరుగుతుంది, పీచు ఉంది కదా అని గిన్నె నిండా తినొద్దు. ప్యాలాలు సగం చేసి పల్లీలు, పుట్నాలు పెంచుకోవాలి. అయిదేళ్లలోపు పిల్లలకు పల్లీ బద్దలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, వాళ్ల వంతు పొడి చేసి కలపాలి.

నిల్వ: గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో రెండు వారాలు. వానాకాలంలో వారానికి సరిపడా చిన్న డబ్బాలుగా పంచుకోవాలి. రోజుకు నాలుగుసార్లు తెరిచే పెద్ద డబ్బా నాలుగో రోజుకే మెత్తబడింది. మెత్తబడితే పారేయక్కర్లేదు, సన్న మంట మీద మూడు నిమిషాలు తిప్పి చల్లారిస్తే కరకర తిరిగి వస్తుంది.

ఏడో విడత

ప్యాలాల్లో సగం తైదలతో, అంటే రాగులతో, చేయాలని చూస్తున్నాం. క్యాల్షియం 100 గ్రాములకు 360 మిల్లీగ్రాముల దగ్గర ఉండే గింజ, వదులుకోబుద్ధి కాదు. తైదలకు తేమ జొన్న కంటే ఎక్కువ కావాలి, 18 నుంచి 20 శాతం. లెక్క వేస్తే 250 గ్రాములకు 25 మిల్లీలీటర్లు వచ్చింది, రెండో విడతలో జొన్నలను పాడుచేసిన నీళ్లే. సీసా మూత బిగించి ఉంది. పొద్దున మూకుడు ఎక్కించే ముందు సన్న జల్లెడ ఒకటి దొరికించాలి, జొన్నల జల్లెడలోంచి తైదలు పేలినా పేలకున్నా కిందికే జారతాయి.