రాజుగారు ఎందుకు నవ్వారు?

మనిషీ పక్షీ మాట్లాడుకునే కథలు అనగానే తెలుగు పాఠకులకు ముందుగా నలుడి దగ్గరికి వచ్చిన హంసో, ప్రభావతీ ప్రద్యుమ్నంలోని శుచిముఖో గుర్తుకు వస్తాయి. అవి మనుషుల భాష నేర్చిన పక్షులు. నీతిచంద్రికలోని కరటక దమనకులనే నక్కలకైతే తమలో తాము మంతనాలు సాగించుకోవడమే తప్ప మనిషితో పనే లేదు. ఎన్నో ఏళ్లుగా నన్ను వదలని కథలు వేరే తరహావి. వాటిలో పక్షి పక్షిలాగే కూస్తుంది, చీమ చీమలాగే పాకుతుంది, కాని ఆ ధ్వనికి అర్థం ఒకే ఒక్క మనిషికి తెలుస్తుంది, పక్కనే కూర్చున్నవారికి తెలియదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి కథ ఒకటి వాల్మీకి రామాయణంలో, అయోధ్యకాండ 35వ సర్గలో ఉంది. రాముడు అడవికి బయలుదేరే వేళ, దశరథుడు కుప్పకూలిపోయిన తరువాత, సుమంత్రుడికి సహనం చచ్చిపోతుంది. తల విదిలించి, మాటిమాటికీ నిట్టూర్చి, చేతులు నులుముకుంటూ, పళ్లు పటపట కొరుకుతూ అతడు కైకేయిని నిలదీస్తాడు. వేపచెట్టు నుంచి తేనె కారదని ఎత్తిపొడిచి, ఆమె తల్లి కథ ఎత్తుకుంటాడు. కేకయ రాజుకు ఒక మహానుభావుడు వరమిచ్చాడు. ఆ వరం వల్ల సమస్త ప్రాణుల మాటలూ ఆయనకు తెలిసేవి. ఒకనాడు శయ్య మీద ఉండగా జృంభమనే ప్రాణి చేసిన చప్పుడు విని, దాని భావం గ్రహించి, ఆయన పదే పదే నవ్వాడు. పక్కనున్న రాణికి కోపం వచ్చి, ఆ నవ్వుకు కారణం చెప్పమని అడిగింది. చెబితే నాకు తక్షణమే చావు తప్పదని రాజు అన్నాడు. నువ్వు బతికినా సరే, చచ్చినా సరే, చెప్పి తీరాలని ఆమె పట్టుబట్టింది. రాజు వెళ్లి వరమిచ్చినవాడినే అడిగితే, ఆమె చచ్చినా పాడైపోయినా నువ్వు మాత్రం చెప్పవద్దని ఆయన అన్నాడు. రాజు భార్యను వదిలేసి, కుబేరుడిలా సుఖంగా ఉన్నాడు.

ఈ కథ చెప్పుకునేటప్పుడు రాణి మొండితనాన్నే అందరూ పట్టుకుంటారు. ఆమె మాటలో రెండో సగాన్ని పట్టించుకునేవారు తక్కువ. ‘న మాం త్వం ప్రహసిష్యసి’ అంటుంది ఆమె. ఇకపై నన్ను చూసి నవ్వలేవు అని. ఒకే శయ్య మీద ఉన్న భర్త ఉన్నట్టుండి, కారణం కనబడకుండా, పదే పదే నవ్వుతున్నాడు. గదిలో ఉన్నది తామిద్దరే. ఆయనకు వినిపించిన మాట ఆమెకు వినిపించలేదు కనుక, ఆ నవ్వు తన మీదే అని ఆమె అనుకుంది. ఆ స్థితిలో ఎవరైనా అలాగే అనుకుంటారు. అంతఃపురపు మర్యాదల మధ్య ఎన్ని అవమానాలను మింగుకొని ఉంటుందో ఆమె నోట వచ్చిన ఆ ఒక్క మాట చెబుతుందని నాకు అనిపిస్తుంది. ఆ ఘట్టంలో ఆమెకు పేరు కూడా లేదు, కైకేయి తల్లి అంతే. అన్నిటికన్నా విశేషం, ఆ జృంభం ఏమన్నదో వాల్మీకి మనకూ చెప్పడు. శ్లోకాలు చదువుతున్న మనం రాణి పక్కనే కూర్చుంటాం, రాజుకు తెలిసినది మనకూ తెలియదు.

బౌద్ధుల జాతక కథల్లో ఇదే కథ ఇంకా విస్తారంగా ఉంది. 386వదైన ఖరపుత్త జాతకంలో వారణాసి రాజు సేనకుడు ఒక నాగరాజు ప్రాణం కాపాడి, అతడి నుంచి సర్వ ప్రాణుల శబ్దాలు తెలిసే మంత్రం పొందుతాడు. ఇంకొకరికి నేర్పితే అగ్నిలో పడి చావాలన్నది షరతు. ఇక్కడ మాత్రం కథకుడు మనకు రహస్యం విప్పుతాడు. రాజు తింటూ ఉండగా ఒక తేనె చుక్క, ఒక బెల్లపు పాకం చుక్క, ఒక పిండివంట ముక్క కింద పడతాయి. అంతే, ఒక చీమ కేకలు వేసుకుంటూ పరుగు పెడుతుంది: రాజుగారి కొలువులో తేనె జాడీ పగిలింది, పాకం బండి తిరగబడింది, పిండివంటల బండి తలకిందులైంది, వచ్చి తినండి అని! ఈ కథ మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన చోటు ఇది. ఆ చీమ అబద్ధం ఆడలేదు, గొప్పలకు పోలేదు. దాని కొలతలో అది బండే. రాజు నవ్వింది చీమ తెలివితక్కువతనానికి కాదు, తన చేతి నుంచి జారిన చుక్క ఇంకొక లోకంలో బండి నిండుగా ఎలా మారిందో చూసి. జంతువుల భాష తెలియడమంటే ఏమిటో ఇంత క్లుప్తంగా చెప్పిన కథకుడిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తరువాతి భాగం అంత అందమైనది కాదు. రాణి ఆ మంత్రమే కావాలంటుంది. రాజు భార్య మీది మోజుతో చావుకు సిద్ధపడి ఉద్యానవనానికి బయలుదేరతాడు. శక్రుడు, అంటే ఇంద్రుడు, మేక రూపంలో ఎదురొచ్చి, మంత్రం కావాలంటే ముందు నూరు కొరడా దెబ్బలు తినాలని చెప్పమంటాడు. ఆమె ఒప్పుకుంటుంది, రెండు మూడు దెబ్బలకే వద్దంటుంది, అయినా దెబ్బలు ఆగవు. ఈ కథ పిల్లలకు చెప్పవలసి వస్తే నేను చీమ దగ్గరే ఆపేస్తాను. అది కథను వంచించడమని ఎవరైనా అంటే అననివ్వండి.

అరేబియన్ నైట్స్ తొలి పుటల్లోనూ ఈ కథే ఎదురవుతుంది. పశువుల భాష తెలిసిన వర్తకుడు ఎద్దూ గాడిదా మాట్లాడుకోవడం విని నవ్వుతాడు, భార్య కారణం అడుగుతుంది, చెబితే చస్తానంటాడు, ఆమె వినదు. యాభై పెట్టలను ఏలుతున్న ఒక కోడిపుంజు, మా యజమానికి ఒక్క భార్యను అదుపులో పెట్టడం చేతకాలేదని కుక్కతో అనడం విని, అతడు మల్బరీ కొమ్మలు పట్టుకొని లోపలికి వెళతాడు. సలహా చెప్పేది ఒకచోట వరదాత, ఒకచోట మేక వేషంలో ఉన్న దేవుడు, ఒకచోట కోడి. శిక్ష మాత్రం ఆడదానికే.

కాని ఈ కథను ఎవరు ఎవరికి చెబుతున్నారో గమనిస్తే నాకు ధైర్యం కలుగుతుంది. రామాయణంలో దీన్ని సుమంత్రుడు కైకేయికి చెబుతాడు, నైట్స్‌లో వజీరు తన కూతురు షహ్రాజాద్‌కు చెబుతాడు, పెళ్లాడిన ఆడపిల్లనల్లా మరునాడే చంపించే సుల్తానును పెళ్లాడి చావు కొని తెచ్చుకోవద్దని. రెండు చోట్లా ఇది పట్టు వీడని స్త్రీని బెదిరించడానికి వాడిన కథ, రెండు చోట్లా బెదిరింపు పారలేదు. కైకేయి చలించలేదని, ఆమె ముఖం రంగు కూడా మారలేదని వాల్మీకి స్పష్టంగా రాశాడు. షహ్రాజాద్ తండ్రి మాట పక్కన పెట్టి సుల్తాను దగ్గరికే వెళ్లింది, కథలు చెప్పి తనతో పాటు ఎందరో ఆడపిల్లల ప్రాణాలు నిలబెట్టింది. ఒకరి పట్టుదల కీడు తెచ్చింది, ఇంకొకరిది మేలు చేసింది, ఆ తేడాను నేను కాదనను. అయితే నోరు మూయించడానికి పుట్టిన కథ ఆ పనే చేయలేకపోయిందన్నది నిజం.

అసలు చెబితే చావడమెందుకు? ఈ నియమం లేకపోతే కథ నడవదని పండితులు అంటారు, అది సరే. నా ఆలోచన ఇంకొకటి. ఈ ముగ్గురికీ ఆ భాష కష్టపడి నేర్చుకున్నది కాదు, ఎవరో చేతిలో పెట్టినదో, ఎలాగో దక్కినదో. ఎలా నేర్చుకున్నామో తెలియని విద్యను ఇంకొకరికి నేర్పే దారి ఉండదు, కనుక అది పంచుకోగలిగిన తెలివిగా కాక కాపాడుకోవలసిన సొత్తుగా మిగిలిపోతుంది. ఆ సొత్తు మనిషిని ఇంట్లోనే ఒంటరివాడిని చేస్తుంది.

దీనికి తిరగేసినట్టుండే కథ మన శాతవాహన రాజుతో ముడిపడిన గుణాఢ్యుడిది. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరం దీనితోనే మొదలవుతుంది. పందెంలో ఓడి సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడింటినీ విడిచిపెట్టి వింధ్యారణ్యానికి వెళ్లిపోయిన గుణాఢ్యుడు, పైశాచీ భాషలో 7 లక్షల శ్లోకాల బృహత్కథను, అడవిలో సిరా దొరకక, తన నెత్తురుతోనే 7 ఏళ్ల పాటు రాశాడు. పిశాచాల భాషలో నెత్తురుతో రాసిన పుస్తకమని రాజు దాన్ని తిప్పి పంపాడు. అప్పుడాయన కొండ మీద అగ్నిగుండం పేర్చి, ఒక్కొక్క ఆకూ చదివి మృగాలకూ పక్షులకూ వినిపిస్తూ, చదివినదాన్ని నిప్పులో వేయసాగాడు. లేళ్లు, అడవి పందులు, దున్నలు మేత మరచి, చుట్టూ చేరి, కన్నీళ్లతో విన్నాయి. ఇక్కడ జంతువుల భాష ఎరిగినవాడెవడూ లేడు. మనుషుల భాషలన్నీ వదులుకున్నవాడి మాటకు చెవి ఒగ్గినవి అవి మాత్రమే. కథను కాపాడింది కూడా అవే. మేత మానడంతో వాటి ఒళ్లు ఎండిపోయింది, ఆ ఎండు మాంసం తిని రాజుకు జబ్బు చేసింది, వైద్యులు వంటవాళ్లను, వంటవాళ్లు వేటగాళ్లను అడిగాక సంగతి బయటపడి రాజు పరుగున వచ్చాడు. అప్పటికి 6 లక్షల శ్లోకాలు బూడిదయ్యాయి, శిష్యులకు ఇష్టమని అట్టేపెట్టిన లక్ష శ్లోకాల నరవాహనదత్తుడి కథ మిగిలింది.

వరంగా రాని జంతుభాష కోసం నేను ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు పిల్లల కథ దాకా వెళ్లవలసి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఉన్న హ్యూ లాఫ్టింగ్, గాయపడిన గుర్రాలకు మనుషులకు చేసినట్టు వైద్యం చేయకుండా కాల్చివేయడం చూసి, వాటికి వైద్యం చేయాలంటే ముందు వాటి భాష రావాలి కదా అనుకొని, డాక్టర్ డూలిటిల్‌ను సృష్టించి తన పిల్లలకు ఉత్తరాల్లో రాశాడు. మొదటి పుస్తకం 1920లో వచ్చింది. అందులో ఆఫ్రికా వాసులను చిత్రించిన తీరు సిగ్గుపడవలసినది, తరువాతి ముద్రణల్లో ఆ భాగాలను మార్చారు కూడా. అయినా చిలుక పాలినీషియా డాక్టరుకు మొదటి పాఠం చెప్పే చోటు నాకు ఎంతో విలువైనది. జంతువులు ఎప్పుడూ నోటితోనే మాట్లాడవని, చెవులతో, కాళ్లతో, తోకతో కూడా మాట్లాడతాయని అది చెబుతుంది. అదుగో, కుక్క ముక్కును ఒక పక్కకు ఎగరేస్తున్నది చూశావా అని అడుగుతుంది. వాన వెలిసింది కనబడటం లేదా అని దాని అర్థమట. డాక్టరు కాగితం, పెన్సిలు తెచ్చుకొని రాసుకుంటాడు. ఆ తరువాత ఒక దుక్కి గుర్రం వచ్చి, పశువైద్యుడు ఏవేవో మందులు మింగిస్తున్నాడు కానీ నాకు కావలసింది కళ్లద్దాలు అని చెప్పుకోగలుగుతుంది.

ఈ భాషను డాక్టరు దాచుకోడు, చెబితే చచ్చిపోడు. రెండో పుస్తకంలో చెప్పులు కుట్టే ఇంటి పిల్లవాడు టామీ స్టబిన్స్, బడి మొహం చూడనివాడు, నాకూ నేర్పమని వస్తాడు. చిలుక అతడి పుట్టుక అడగదు, తపస్సు చేయమనదు. ఆపిల్ చెట్టు మీద రెండు మగ గోరింకలను ఒక్కసారి మాత్రమే చూస్తే, మరునాడు మళ్లీ కనబడినప్పుడు ఏది ఏదో గుర్తుపట్టగలవా అని అడుగుతుంది. తెలియదు, ఎప్పుడూ ప్రయత్నించలేదు అని ఆ పిల్లవాడు నిజం చెబుతాడు. అయినా చిలుక అతడిని పొమ్మనదు. గమనించడమే అన్నిటికన్నా ముఖ్యమని చెబుతుంది. డాక్టరు ముందుగా చదవడం, రాయడం నేర్పిస్తాడు, ఆ తరువాతే జంతువుల భాష.