తహ్రీర్‌లో కుర్రాళ్లు, ఓట్లపెట్టెలో బ్రదర్‌హుడ్

2011లో అరబ్ దేశాల్లో పాలకుల మీద లేచిన తిరుగుబాట్ల మాట వస్తే చాలు, "కుర్రాళ్లు విప్లవం తెచ్చారు, మతం పార్టీలు ఎత్తుకుపోయాయి" అనేస్తుంటారు. నేను దీన్ని ఒప్పుకోను. ఎవరూ ఎత్తుకుపోలేదు, జనం క్యూలో నిలబడి ఓట్లేశారు. ఎందుకేశారో చూడకుండా తిట్టిపోస్తే ఏం లాభం?

ఈజిప్టునే చూడండి. అధ్యక్షుడు ముబారక్ తన 30 ఏళ్ల పాలనలో గట్టి ప్రతిపక్షాన్ని తలెత్తనివ్వలేదు, లౌకిక పార్టీలు పేరుకే మిగిలాయి. మసీదులకు మాత్రం తాళం వేయలేకపోయాడు. 1928లో హసన్ అల్ బన్నా ఇస్మాయిలియాలో మొదలుపెట్టిన ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఇస్లామిక్ సంస్థ మీద నిషేధం ఉన్నా, పేదలుండే చోట దాని క్లినిక్‌లు, సాయం నడుస్తూనే ఉన్నాయి. 1992లో కైరోలో భూకంపం వచ్చినప్పుడు సర్కారు కంటే ముందు బాధితుల దగ్గరికి చేరింది వాళ్లే. అలాంటప్పుడు 2011 ఫిబ్రవరిలో ముబారక్ దిగిపోయి, ఆ ఏడాది చివరికే ఎన్నికలు వచ్చేస్తే, ఊరూరా మనుషులున్న పార్టీని కాదని, ఫేస్‌బుక్‌లో పరిచయమై, నిరసనలు జరిగిన కైరో తహ్రీర్ స్క్వేర్‌లో కలిసిన కుర్రాళ్లు ఎలా గెలుస్తారు? బ్రదర్‌హుడ్ పార్టీ సగానికి కాస్త తక్కువ సీట్లు తెచ్చుకుంది, ఇంకా ఛాందసులైన సలఫీల నూర్ పార్టీ రెండో స్థానంలో నిలిచింది.

గెలవడం సరే, ఏలడం వాళ్లకు చేతకాలేదు. 2012లో బ్రదర్‌హుడ్ నేత మోర్సీ అధ్యక్షుడయింది 51.7 శాతం ఓట్లతో, అంటే ఓటేసినవాళ్లలో దాదాపు సగం మంది ఆయన్ని వద్దన్నవాళ్లే. అది గుర్తుపెట్టుకోవాల్సింది పోయి, నవంబర్‌లో తన నిర్ణయాలను కోర్టులు ప్రశ్నించకూడదని ఆదేశం ఇచ్చాడు. జనం మళ్లీ రోడ్డెక్కారు, 2013 జూలై 3న సైన్యం ఆయన్ని దింపేసింది. ఆ రోజు సైన్యానికి చప్పట్లు కొట్టిన ఉదారవాదుల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆగస్టు 14న కైరోలోని రబా దగ్గర మోర్సీ మద్దతుదారుల మీద భద్రతా బలగాలు జరిపిన కాల్పుల్లో కనీసం 817 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క తేల్చింది. మోర్సీ 2019లో కోర్టు హాల్లోనే కుప్పకూలి చనిపోయాడు.

ట్యునీషియాలో కథ వేరుగా నడిచింది. 2011లో 217 సీట్లలో 89 గెలిచిన ఇస్లామిక్ పార్టీ ఎన్నహ్దా కూడా తడబడింది, 2013లో ఇద్దరు ప్రతిపక్ష నేతల హత్యలతో దేశం అట్టుడికింది. కానీ అక్కడ సైన్యం చిన్నది, రాజకీయాల్లో వేలు పెట్టే అలవాటు లేనిది, పైగా యూజీటీటీ అనే బలమైన కార్మిక సంఘం ఉంది. వాళ్లు అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడించారు. 2014లో రాజ్యాంగం ఆమోదించి ఎన్నహ్దా ప్రభుత్వం దిగిపోయింది, తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయి ఆ ఓటమిని ఒప్పుకుంది.

మొరాకో సంగతి ఇంకా తక్కువ మంది మాట్లాడతారు. రాజుగారి నీడలోనే అయినా అక్కడి ఇస్లామిక్ పార్టీ పీజేడీ 2011లో 107 సీట్లు, 2016లో 125 గెలిచింది. ఆ పార్టీ ప్రధానే ఇజ్రాయెల్‌తో సంబంధాలు కలిపే ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. 2021లో ఓటర్లు ఆ 125ని 13కి దించేశారు. తుపాకీ పేలలేదు, ఎవరూ అమరవీరులు కాలేదు.

అదే 2021లో ట్యునీషియాలో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును మూసేస్తే, ఎన్నహ్దా పీడ వదిలిందని చాలామంది పండగ చేసుకున్నారు. 2023 ఏప్రిల్‌లో ఎన్నహ్దా నేత ఘన్నౌషీని అరెస్టు చేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో, ఏళ్ల తరబడి ఎన్నహ్దాను తీవ్రంగా వ్యతిరేకించిన లౌకిక నేత అబీర్ మూసీని కూడా అరెస్టు చేశారు.