ఫీనిక్స్ పార్కులో గద్ద

ఆదివారం, పైగా ఎండ. డబ్లిన్‌లో ఎండ కాసిన రోజు ఇంట్లో కూర్చుంటే పాపం చుట్టుకుంటుంది కాబట్టి, టిఫిన్లు కాగానే అమ్మని బయల్దేరదీసి లువాస్ ట్రామ్ ఎక్కించి హ్యూస్టన్ దగ్గర దిగాం. నది దాటి కాస్త నడిస్తే ఫీనిక్స్ పార్కు. అమ్మ లోపలికి రాగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరిదే ఇంత పొలం?"

1,750 ఎకరాలు మరి. 1662లో ఆర్మండ్ డ్యూక్ రాజుగారి తరఫున జింకల వనంగా మొదలుపెట్టించాడు. జింకలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి పెడదామని అమ్మ సంచీలో అరటిపళ్లు కూడా వేసుకొచ్చింది, పెట్టకూడదని బోర్డు చూపిస్తే మొహం మాడ్చుకుని, చివరికి ఆ పళ్లు మేమే తిన్నాం.

పార్కు నడుమ నుంచి చెస్టర్‌ఫీల్డ్ అవెన్యూ అని తిన్నగా పోయే రోడ్డు. దాని మధ్యలో రౌండు తిరిగే చోట నిలువు గాడులున్న రాతి స్తంభం, పైన రెక్కలు విప్పిన పక్షి. అమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి "గరుత్మంతుడా?" అంది. నవ్వాను గానీ, ఇక్కడివాళ్లు కూడా చాలామంది దాన్ని గద్ద స్తంభం అనే అంటారు. నిజానికది ఫీనిక్స్, బూడిదలోంచి లేచే పక్షి. దాని కాళ్ల కింద మంటలు చెక్కారు, కింద నుంచి చూస్తే మాకు అవి ఆకుల్లా కనబడ్డాయి. 1747లో చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు పెట్టించాడు.

అసలు ఈ పార్కుకీ ఆ పక్షికీ ఏ సంబంధమూ లేదు! ఐరిష్‌లో ఈ చోటు పేరు 'ఫ్యున్ ఇష్క', అంటే తేట నీరు. ఇంగ్లీషువాళ్ల చెవికి అది ఫీనిక్స్‌లా వినబడిందని చెబుతారు. 17వ శతాబ్దం మొదట్లో ఇక్కడ గుట్ట మీద కట్టిన పెద్ద ఇంటికి ఆ పేరే ఉండేది, తర్వాత పార్కుకీ అదే వచ్చింది. పేరు అలా స్థిరపడ్డాక ఇంకొకాయన వచ్చి దానికి తగ్గ పక్షిని కూడా నిలబెట్టేశాడు. తప్పుగా విన్న మాటకి రాతి విగ్రహం అన్నమాట. (ఆ 'ఇష్క' లోంచే విస్కీ అన్న మాట కూడా వచ్చింది, కానీ అది అమ్మకి చెప్పలేదు.) సర్కారు బోర్డుల మీద ఐరిష్ పేరు పైన, ఇంగ్లీషు పేరు కింద ఉంటాయి. 'పార్కు' తర్వాత వచ్చేసరికి ఐరిష్ వ్యాకరణం ప్రకారం ఆ ఫకారం పలకనే పలకదు, కాబట్టి బోర్డు చూసి పైకి చదివితే ఫీనిక్స్‌తో పోలిక కూడా మాయమైపోతుంది.

"మరి ఆ నీళ్లేవే?" అంది అమ్మ. నాకూ కనబళ్లేదు. "పోనీలే, రాజమహేంద్రవరం అని బోర్డు మార్చినా మనం రాజమండ్రి అనడం మానామా" అని తనే సర్దేసింది.

నాకైతే ఈ తప్పు మీద కోపం రాదు. డబ్లిన్ పక్కనే ఉన్న రేవు ఊరు డన్ లీరీ సంగతి వేరు. 1821లో నాలుగో జార్జి రాజు అక్కడ ఓడెక్కి వెళ్లాడని ఊరి పేరే తీసేసి కింగ్స్‌టౌన్ చేశారు, పాత పేరు తిరిగి రావడానికి 1920 దాకా పట్టింది. అది కావాలని చేసిన పని. ఇది ఎవరో సరిగ్గా వినకపోవడం, అంతే. అందుకే కాబోలు దీన్ని మార్చమని పెద్దగా గొడవ కూడా వినబడదు.

సాయంత్రం బస్సు కోసం నిలబడితే ఎదుట ఫింగ్లస్ వెళ్లే బస్సు. ఆ పేరులో ఉన్నదీ అదే 'ఫ్యున్', తేటనీటి వాగు అని అర్థం. దాని మీద మాత్రం ఎవరూ ఏ పక్షినీ కూర్చోబెట్టలేదు.