గాలి తిరిగినట్టు: భీమిలి దారిలో మా నాలుగు సైకిళ్లు

మా ఇంట్లో సైకిల్ తొక్కడం అందరికీ వచ్చు. నలుగురం కలిసి తొక్కడం మాత్రం చాలాకాలం కుదరలేదు. నాన్నగారికి ఇప్పుడు 69 ఏళ్లు. ఉద్యోగం చేసిన రోజుల్లో విశాఖపట్నంలో కంచరపాలెం నుంచి గాంధీగ్రామ్‌లోని షిప్‌యార్డుకు సైకిల్ మీదే వెళ్లివచ్చిన మనిషి ఆయన. నా భార్యకు మోకాళ్ల నొప్పులున్నాయి. 13 ఏళ్లు నిండిన మా అమ్మాయికి ఉన్న ఓపిక మా ముగ్గురికీ కలిపినా లేదు. ఎంవీపీ కాలనీ నుంచి బీచ్ రోడ్డుకు దిగి ఉత్తరంగా సాగితే, కైలాసగిరి కిందుగా టెన్నేటి పార్కు దగ్గర వచ్చే మొదటి ఎత్తుకే మా గుంపు చెదిరిపోయేది. అమ్మాయి మలుపు దాటి కనిపించకుండా పోయేది, నాన్నగారు దిగి సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవారు, నా భార్య అక్కడి నుంచే వెనక్కి తిరుగుదామనేది. నేను ముగ్గురి మధ్యా అటూ ఇటూ తిరగడంతోనే ఆ ఆదివారం గడిచిపోయేది.

మొదట నాన్నగారి కోసం ఒక్క ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నాము. అదే ఎత్తు దగ్గర ఆయన పెడల్ తొక్కడం మొదలుపెట్టారు. సగం చుట్టు తిరిగేసరికి మోటారు అందుకుంది, ఆయన దిగకుండానే పైదాకా వెళ్లి ఆగారు. నేను చేరుకునే సరికి సముద్రం వైపు చూస్తూ, "ఏటిరా ఇది, గాలి తిరిగినట్టుంది" అన్నారు. ఏళ్ల తరబడి ఎదురుగాలితో వేగిన మనిషికి తప్ప ఇంకొకరికి ఆ మాట తట్టదు. ఆరు నెలలు తిరగకుండా మరో మూడు సైకిళ్లు కొన్నాము. నలుగురివీ ఒకే మోడల్ కావాలని పట్టుబట్టింది నా భార్య. అది ఎంత తెలివైన పట్టుదలో తరువాత తెలిసింది.

ఎలక్ట్రిక్ సైకిల్ అనగానే చాలామంది దాన్ని వేగం తక్కువ స్కూటర్‌గా ఊహించుకుంటారు. మన చట్టం ప్రకారం మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు ఉండి, వేగం గంటకు 25 కిలోమీటర్లకు చేరేసరికి లేదా తొక్కడం ఆపేసరికి మోటారు సాయం ఆగిపోయే సైకిల్‌ను మోటారు వాహనంగా లెక్కించరు. కనుక దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. అయితే కుటుంబంతో వెళ్లేవారికి ఆ 25 అంకెతో పెద్దగా పని లేదు. మేము 16, 17 దాటము. మాకు ఈ మోటారు ఇచ్చింది వేగం కాదు, సమానత. మోటారు ఎంత సాయం చేయాలో స్థాయిలుగా ఎంచుకోవచ్చు. నాన్నగారు మూడో స్థాయి సాయం తీసుకుంటారు, నా భార్య రెండు, నేను ఒకటి, అమ్మాయి తరచుగా సున్నా. నలుగురి కాళ్లూ ఎవరి బలం కొద్దీ వారివి పనిచేస్తూనే ఉంటాయి, చక్రాలు మాత్రం పక్కపక్కనే సాగుతాయి. పక్కపక్కనే ఉంటేనే కదా మాటలు సాగేది.

పిల్లల విషయంలో ఒక్క జాగ్రత్త చెప్పాలి. మావి పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే గుర్తించే రకం. ఎంత బలంగా తొక్కుతున్నామన్నది వాటికి తెలియదు. పెడల్ ఇరుసు చుట్టూ చిన్న అయస్కాంతాలు అమర్చిన బిళ్ల ఒకటి ఉంటుంది, అది కాస్త తిరిగితే మోటారు మొదలవుతుంది. తొక్కడం ఆపిన తరువాత కూడా క్షణంపాటు లాగుతుంది. మలుపులో, జనం మధ్యలో ఆ ఒక్క క్షణం పిల్లలను కంగారు పెడుతుంది. బ్రేకు మీటను కొద్దిగా తాకితే చాలు, మోటారుకు కరెంటు తెగిపోతుంది. అందుకే మా అమ్మాయి చేత ఖాళీ మైదానంలో రెండు వారాలు, రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంచి తొక్కే అలవాటు చేయించాము. దాని సైకిల్‌కు తొక్కకుండానే నడిపే థ్రాటిల్ కూడా ఉంటే, మెకానిక్ చేత ఆ కనెక్టర్ ఊడదీయించాను. శిరస్త్రాణం లేకుండా ఎవరమూ గేటు దాటము.

మా దారి ఎప్పుడూ భీమిలి దారే. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, ఆ పైన గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి. ఈ సైకిళ్లు చప్పుడు చేయవు కనుక పల్లెకారుల ఊళ్లు దాటేటప్పుడు గంట కొడుతూనే వెళ్లాలి, అక్కడ వలలు బాగుచేసుకునేవారు రోడ్డు అంచునే కూర్చుంటారు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర సైకిళ్లను రోడ్డు మీదే తాళం వేసి నడిచి వెళతాము. వేల ఏళ్లుగా గాలీ వానా మలిచిన ఆ ఎర్ర ఇసుక మీద చక్రం పడితే చార పడుతుంది. దాని మీదకు బండ్లు ఎక్కించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

భీమిలి మా ఇంటికి సుమారు 25 కిలోమీటర్లు, రానూపోనూ 50. మా బ్యాటరీలు 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు, అంటే ఒక్కోదాంట్లో 360 వాట్ అవర్ల కరెంటు పడుతుంది. నాలుగూ నింపడానికి రెండు యూనిట్ల కరెంటు కూడా కాదు. తక్కువ సాయంతో 50 కిలోమీటర్లు సరిపోతుందని లెక్క వేసుకుని, ఒక మే నెల ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక బయలుదేరాము. వెళ్లేటప్పుడు అంతా సుఖంగా ఉంది. దారిలో తాటి ముంజలు తిన్నాము. నాన్నగారు భీమిలిలో డచ్చివారి సమాధుల దగ్గర అమ్మాయికి పాత రేవు సంగతులు చెబుతుంటే పొద్దు వాలింది. అప్పటికి నాలుగు సైకిళ్ల తెరల మీదా సగానికి పైగా చార్జింగ్ కనిపిస్తోంది.

వెనక్కి తిరిగాక అసలు సంగతి బోధపడింది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది, వేసవిలో ఇక్కడ బలంగా వీచేది నైరుతి గాలి. అంటే వెళ్లేటప్పుడు వీపు మీద తెలియకుండా నెట్టిన గాలే, తిరుగు ప్రయాణంలో మొహాన కొట్టింది. వేగం నిలబెట్టుకోవాలని నా భార్య తనకు తెలియకుండానే సాయాన్ని నాలుగో స్థాయికి పెంచుకుంటూ వచ్చింది. రుషికొండ ఇంకా రాకముందే తన తెర మీద చివరి గీత మిణుకుమిణుకుమని ఆరిపోయింది. 23 కిలోల సైకిల్, మోటారు లేదు, ఎదురుగాలి, పైగా ముందు ఎత్తు. "ఏమండీ, నేను ఆటోలో వచ్చేస్తాను, మీరు పదండి" అంది. ఆటోలో ఈ సైకిల్ పట్టదు.

అప్పుడు ఒకే మోడల్ అన్న తన పట్టుదల మమ్మల్ని ఆదుకుంది. వీధి దీపం కింద ఆగి, నా బ్యాటరీకి తాళంచెవి తిప్పి, ఫ్రేములోంచి పైకి లాగి తన సైకిల్‌లో అమర్చాను. అది టక్కుమని కూర్చుని తెర వెలిగేదాకా నలుగురం ఊపిరి బిగబట్టి చూశాము. నా బ్యాటరీలో మిగిలినదానితో తను ఇల్లు చేరింది, తన ఖాళీ బ్యాటరీతో నేను తొక్కుకుంటూ వచ్చాను. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాక, నాన్నగారు నీళ్లు తాగి, "వెళ్లేటప్పుడే చెప్పాల్సింది నేను. గాలి సంగతి నాకు తెలుసును కదా" అన్నారు.

తరువాత కూర్చుని లెక్క కట్టాను. తొట్లకొండ బౌద్ధారామం సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉంటుంది. మనిషినీ సైకిల్‌నూ కలిపి 95 కిలోలు అనుకుంటే, అంత ఎత్తుకు చేర్చడానికి మోటారులో పోయే నష్టంతో సహా 45 వాట్ అవర్లు చాలు, అంటే బ్యాటరీలో ఎనిమిదో వంతు. తొక్కేవారి వంతు తీసేస్తే ఇంకా తక్కువ. అదే గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో, 18 కిలోమీటర్ల వేగంతో 15 కిలోమీటర్లు రావాలంటే, గాలి లేనప్పటి కంటే సుమారు 90 వాట్ అవర్లు అదనంగా ఖర్చవుతుంది. కంటికి కనిపించే కొండకు భయపడి, కనిపించని గాలిని లెక్కలో వేసుకోకపోవడం నేను చేసిన తప్పు. అప్పటి నుంచి వేసవిలో తెల్లవారుజామున 5:30కే బయలుదేరి, గాలి బలపడకముందే తిరిగి వస్తున్నాము. సాధారణంగా మంగమారిపేట దాకానే వెళతాము. నలుగురిలో ఎవరి బ్యాటరీ మొదట మూడో వంతు తగ్గితే అక్కడే అందరం వెనక్కి తిరగాలన్నది మా ఇంటి నియమం.

సముద్రం పక్కన ఉండేవారు ఇంకొకటి గమనించాలి. మొదటి వానాకాలంలోనే మా బ్యాటరీ కాంటాక్టుల మీద పచ్చగా చిలుము పట్టింది. ఇప్పుడు ఇంటికి రాగానే తడిగుడ్డతో ఉప్పు తుడిచి, ఆరనిచ్చి, చెయిన్‌కు నూనె పెడతాము. నీళ్ల పైపు మాత్రం మోటారు మీదకు పట్టము. బ్యాటరీ వేడి చల్లారాక, మెలకువగా ఉన్నప్పుడే చార్జింగ్ పెడతాము.

గత డిసెంబరులో మళ్లీ భీమిలి దాకా వెళ్లాము. చలికాలంలో ఈశాన్య గాలి కనుక ఎదురు పోరాటమంతా వెళ్లేటప్పుడే అయిపోయింది, నాన్నగారు మూడో స్థాయి నుంచి కిందకు దించలేదు. తిరుగు ప్రయాణంలో తొట్లకొండ దాటి వాలు దిగుతుండగా నేను ఆయన పక్కనే ఉన్నాను. గాలి వీపున ఉంది. అమ్మాయి వెనక నుంచి, "తాతయ్యా, ఆగు, నేనూ వస్తున్నా" అని అరుస్తోంది. ఆయన ఎడమ బొటనవేలితో మీటను మూడుసార్లు నొక్కారు, తెర మీద అంకె సున్నాకు వచ్చింది. సాగర్‌నగర్ దాకా ఆ అంకె మారలేదు.