ఎంటర్‌ప్రైజ్ పొట్ట తగ్గించిన ఆదివారం

ఈ రోజంతా ఎంటర్‌ప్రైజ్ పొట్ట తగ్గించడంతోనే సరిపోయింది. ‘స్టార్ ట్రెక్’ తొలి టీవీ ధారావాహికలోని ఆ అంతరిక్ష నౌక కథ ప్రకారం 289 మీటర్ల పొడవు. ముక్కలు అతికించి చేసుకునే 1:650 స్కేలు (అసలులో 650వ వంతు) ప్లాస్టిక్ నమూనా కిట్టులో 44 సెంటీమీటర్లకు ఒదిగి నా బల్ల మీద కూర్చుంది. పళ్ళెంలాంటి పై భాగంతో నాకు పేచీ లేదు. దాని కింది గొట్టమే, ముందు లావుగా ఉండి వెనక్కు క్రమంగా సన్నబడవలసింది పోయి, మధ్యలో ఉబ్బి తోక దగ్గర ఉన్నట్టుండి కుంచించుకుపోయింది.

ఎన్నడూ ఎగరని ఓడకు అసలు రూపమేమిటని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. చిత్రీకరణ కోసం 1964లో తయారైన పదకొండడుగుల నమూనా 1974 నుంచి అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియాల సంస్థ దగ్గర భద్రంగా ఉంది కనుక, నాకు అదే ప్రమాణం. దీపాల తీగలు ఎడమ పక్కనుంచి వెళ్ళేవి కాబట్టి అటువైపు అలంకరణ పూర్తి చేయలేదట. నాకు కావలసింది ఆకారమే గనుక కుడి పక్క ఫొటో చాలు, అదీ దూరంనుంచి తీసినదై ఉండాలి, దగ్గరనుంచి తీస్తే కెమెరాకు ఎదురున్న భాగం లేని లావు చూపిస్తుంది.

పైపైన అరగదీస్తే పలచని ప్లాస్టిక్‌కు చిల్లు పడుతుంది. అందుకని ముందుగా లోపలి గోడ మీద బ్లేడుతో గీతలు పెట్టి, ఎంసీల్ ముద్దలు రెండూ రంగు ఏకమయ్యేదాకా పిసికి, తడి వేలితో అద్దాను. అది గట్టిపడేలోగా ఫొటోలోని అంచును స్కేలుకు తగ్గించి, పాత శుభలేఖ అట్ట మీద గీసి కత్తిరించాను. ఆ అట్టను గొట్టానికి ఆనించి వెనక టార్చి వెలిగిస్తే, వెలుతురు దూరిన చోట గుంట, అట్ట లేచిన చోట ఉబ్బు. గరుకు వాటర్ పేపరుతో రుద్దుతూ పోగా ఉబ్బు మీద ప్లాస్టిక్ పూర్తిగా అరిగి, లోపలి ఎంసీల్ రూపాయి బిళ్ళంత మచ్చగా బయటపడింది.

ఆటోనగర్‌లో కార్లకు డెంటింగ్ చేసే ఒకాయన, “లప్పం మీద పలచగా నల్లరంగు కొట్టి రుద్దండి సార్, నలుపు మిగిలితే అక్కడ గుంటున్నట్టే” అని ఒకసారి చెప్పారు. సాయంత్రం అలాగే చేస్తే తోక దగ్గర వేలెడంత నలుపు మిగిలింది. రేపు ఆఫీసునుంచి రాగానే అక్కడ లప్పం పెట్టాలి. ఇంజన్ గొట్టాల సంగతి ఆ తరువాత.